మిరపకాయల కుండలో పచ్చగాజు

గాజు కరిగించి నగలు చేసే పని నేర్చుకోవడానికి నా దగ్గరికి హుజూరాబాద్ చుట్టుపక్కల ఊళ్ల నుంచే కాదు, అటు ఇచ్చోడ నుంచి కూడా ఆడవాళ్లు వస్తారు. మొదటి రోజు వాళ్లకు నేను గాజూ చూపించను, బట్టీ చూపించను. రెండు మాటలు చెప్తాను. ఒకటి, బట్టీ పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు. రెండు, పరీక్షకు పెట్టే ముక్కను మీ చేతులతో మీరే విరుచుకోండి, వేరేవాళ్లు తెచ్చిస్తే నమ్మకండి, ఇంట్లోవాళ్లు తెచ్చిచ్చినా సరే. మొదటి మాటకు అందరూ తలూపుతారు. రెండో మాటకు ఎవరో ఒకరు నవ్వుతారు. అలా నవ్విన వాళ్లకు అరుగు మీద కూర్చుని ఏమీ ఎరగనట్టు చిక్కుడుకాయలు గిల్లుతున్న మా అత్త బాలవ్వను చూపిస్తాను.

మా ఆయన సదానందం షార్జాలో గాజు సామాన్లు చేసే కార్ఖానాలో తొమ్మిదేళ్లు పనిచేశాడు. మా వాడకట్టులో గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మొగుళ్లంతా టీవీలు తెచ్చారు, బంగారం తెచ్చారు, ఒంటె బొమ్మలున్న కంబళ్లు తెచ్చారు. ఈయన మాత్రం కార్ఖానా వాళ్లు మూలకు పడేసిన కరెంటు బట్టీని పెద్ద డబ్బాలో పెట్టి మోసుకొచ్చాడు. డబ్బాలో ఏముందో చూద్దామని వాడంతా వచ్చింది. విప్పి చూపిస్తే, పాపం అన్నట్టు నా వైపు చూసి వెళ్లిపోయారు. బాలవ్వ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇందులో అన్నం ఎన్ని నిమిషాల్లో అవుతుందని అడిగింది.

నాకు పని నేర్పింది ఆయనే. అద్దాన్ని ఎలా కోయాలో, వేలిముద్రల జిడ్డు పోయేలా ఎలా కడగాలో, గాజు అతుక్కోకుండా బట్టీ పలక మీద తెల్లపొడి నీళ్లలో కలిపి ఎలా పూయాలో అన్నీ ఓపికగా చూపించాడు. ఆరు నెలలు తిరిగేసరికి ఆయన కంటే నాకే బాగా వచ్చింది. ఆ సంగతి ఆయన కూడా ఒప్పుకుంటాడు. ఒప్పుకోని రోజు కూరలో ఉప్పుండదు.

అసలు ఇబ్బంది బాలవ్వతో వచ్చింది. మూతపెట్టిన గిన్నె కనబడితే తీసి చూడకుండా ఉండటం ఆ మనిషి వల్ల కాదు. పక్కింటికి పేరంటానికి పోయినా ముందు వాళ్ల వంటింట్లో మూతలు తీసి వస్తుంది. బట్టీలో గాజు ఎనిమిది వందల డిగ్రీల దాకా వేడెక్కి కరుగుతుంది. ఆ తర్వాత ఐదు వందల దగ్గర కాసేపు నిలిపి, అక్కడి నుంచి మెల్లగా చల్లార్చాలి. ఆ చల్లార్చడంలోనే ఉంది పనంతా. నేను మొదటిసారి చేసిన పన్నెండు బిళ్లలు నాలుగు వందల డిగ్రీల దగ్గర ఉండగా ఈమె మూతెత్తింది. చల్లగాలి తగిలి పన్నెండూ అడ్డంగా రెండేసి ముక్కలయ్యాయి. నేను పరుగెత్తుకొచ్చేసరికి, ఆవిరి రావడం లేదేమిటని నన్నే అడిగింది. మరునాడు బట్టీకి తాళం వేశాను. నా కోడలు తిండికి తాళం వేసిందని ఆమె వాడంతా చెప్పి వచ్చింది.

ఇక గాజు సంగతి. మా ఆడబిడ్డ అనసూర్య కూతురు ప్రవళికకు పెళ్లి కుదిరిన వారం, ఒక మధ్యాహ్నం బాలవ్వ వంటింట్లోంచి తుమ్ముకుంటూ వచ్చి నా ముందు కూర్చుంది. కొంగులోంచి ఒక పచ్చగాజు తీసి నా చేతిలో పెట్టింది. పూతలు, మెరుపులు ఏమీ లేని మామూలు మట్టిగాజు. మిరపకాయల ఘాటుకు నాకూ తుమ్మొచ్చింది.

పదిహేడేళ్ల కిందటి మాట. ఐదేళ్ల ప్రవళికకు అక్షరాలు దిద్దించడానికి అందరూ బాసర పోయారట. గుడి బయట మా మామ ముత్యం, అడగకుండానే, భార్యకు డజను పచ్చగాజులు కొన్నాడు. పెళ్లయ్యాక అడగకుండా కొన్నది అదొక్కటేనని బాలవ్వ ఇప్పటికీ అంటుంది. ఆ ఏడే ఆయన పోయాడు. పదోరోజున ఆచారం ప్రకారం ఆమె చేతుల గాజులు పగలగొట్టారు. అయితే ఆ పొద్దున స్నానానికి పోయినప్పుడు ఆమె సబ్బు రాసుకుని కుడిచేతి గాజు ఒకటి జార్చి దాచేసింది. అప్పటి నుంచి అది ఎండుమిరపకాయల కుండ అడుగున ఉంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదహారేళ్లు. అన్నేళ్లుగా ఆ కుండలో చెయ్యి పెడుతూనే ఉన్నాను, నా వేళ్లకు అది ఎన్నడూ తగల్లేదు.

"దీనితోని నా మెడకేసుకునేది ఒకటి చెయ్యి పిల్లా," అంది బాలవ్వ. "ప్రవళిక పెండ్లికి ఏసుకుంట."

అనసూర్య ఊరుకుంటుందా అని అడిగాను. అడగడంలో తప్పు లేదు. కరీంనగర్‌లో ఉండే మా వదినెకు ఏ కార్యంలో ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ముందుకు రాకూడదో అన్నీ నోటికొచ్చు. నిశ్చితార్థం రోజున కన్నతల్లిని వెనక వరుసలో కూర్చోమంది. బాలవ్వ వెనకే కూర్చుంది కానీ, లడ్డూల పళ్లెం ముందుగా వెనక వరుసకు వచ్చేలా చూసుకుంది.

"చేతికి వద్దన్నరు, సరే అన్న," అంది ఇప్పుడు. "మెడకు వద్దన్నోళ్లు ఎవరు?"

చేస్తానన్నాను. కానీ భయపడ్డాను కూడా. ఆ గాజు ఒక్కటే ఉంది. చెడగొడితే లోకంలో ఇంకొకటి లేదు.

భయానికి కారణం ఉంది. ఏ గాజైనా వేడికి ఉబ్బుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. అన్ని గాజులూ ఒకే తీరుగా ముడుచుకోవు. పొసగని రెండింటిని కరిగించి అతికిస్తే బయటికి ఎంతో అన్యోన్యంగా కనబడుతూ లోపల ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయి, ఒకే ఇంట్లో అత్తాకోడళ్లలాగా. ఏదో ఒక రోజు పగులుతుంది. నా బిళ్లలన్నింటికీ అడుగున కిటికీ అద్దం వేస్తాను. దానికీ బాలవ్వ గాజుకూ పొసగుతుందో లేదో ముందు చూడాలి. అందుకు గాజు నుంచి బియ్యపు గింజంత ముక్క కావాలి.

ముక్క విరవబోతే ఆమె గాజును లాక్కుని, తానే విరిచి తెస్తానంది. సాయంత్రానికి కాగితంలో చుట్టి పచ్చముక్క తెచ్చిచ్చింది. దాన్ని అద్దం పట్టీ మీద పెట్టి కరిగించి చల్లార్చాను. మా ఆయనవి షార్జా చలువద్దాలు రెండు జతలున్నాయి. ఒక జత మీద ఇంకో జతను అడ్డంగా తిప్పి పెడితే వెలుతురు ఆగిపోయి అంతా నల్లబడుతుంది. అన్ని చలువద్దాలకూ ఈ గుణం ఉండదు, కొనేముందు తిప్పి చూసుకోవాలి. ఆ రెండింటి మధ్య అతికించిన ముక్కను పెట్టి చూస్తే, పొసగని జంటకు అతుకు చుట్టూ తెల్లటి వెలుగు కనబడుతుంది. నేను ఎటు తిప్పి చూసినా ఒక్క వెలుగు చుక్క కనబడలేదు. మంచి జంట అన్నాను. నా మాట పూర్తికాకముందే బాలవ్వ అవునంది. ఆ క్షణంలోనే నాకు అనుమానం రావాల్సింది.

పెళ్లి ఆరు రోజుల్లో ఉందనగా పనికి కూర్చున్నాం. గాజు చుట్టగా ఉంటే పలక మీద పరచడానికి వీలుపడదు, ముక్కలు చేయాలి. కళ్లకు అద్దాలు పెట్టుకుని చిన్న సుత్తి తీశాను. బాలవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ దినం ఆళ్లు పలగ్గొడుతుంటె చేతులిచ్చి కూసున్న," అంది. "ఇయ్యాల నేనే పలగ్గొట్టుకుంట."

నా కళ్లద్దాలు తీసి ఆమెకు పెట్టాను. గాజును కొంగు చాటునే గుడ్డలో చుట్టి, రోటి పక్కన పెట్టి, పేరుపెట్టి పిలిచినంత మెల్లగా ఒక్కో దెబ్బ వేసింది. చెప్పడానికి సిగ్గెందుకు, నాకు ఏడుపొచ్చింది. ఆమె చూడకూడదని అటు తిరిగి ముక్కు చీదుకుని, మొహం కడుక్కుని వచ్చాను. గుడ్డ విప్పితే ముక్కలు తక్కువగా ఉన్నట్టనిపించింది. ఉన్న గాజే అంత కదా అనుకుని కిటికీ అద్దం మీద వాటిని ఆకులాగా పేర్చాను. బట్టీకి తాళం వేసి, తాళంచెవి నా పుస్తెలతాడుకు కట్టుకున్నాను.

మరునాడు తీస్తే, నేను అప్పటిదాకా చేసినవాటిలో అంత చక్కనిది లేదు. బాలవ్వ దాన్ని రోజంతా కొంగు చాటున మెడలో వేసుకుని తిరిగింది. అద్దం ముందుకు ఎనిమిదిసార్లు పోయింది, నేను చూస్తే మాత్రం పోపుడబ్బా వెతుకుతున్నట్టు నటించింది. రెండో రోజు పెళ్లిదాకా భద్రంగా ఉండాలని అల్మారాలో పెట్టింది. మూడో రోజు పొద్దున, ఆ దగ్గర ఎవరూ లేని సమయంలో, అల్మారాలోంచి టిక్కుమని చప్పుడొచ్చింది.

ఆకు రెండు ముక్కలైంది. బాలవ్వ దాన్ని అరచేతిలో పెట్టుకుని నిలబడింది. నాకు ముందుగా జాలి కాదు, కోపం వచ్చింది.

"మూత తీసినవ్ గదా అత్తా?"

"తియ్యలే. నీ మీద ఒట్టు."

కొడుకు మీద కాకుండా నా మీద ఒట్టేసిందంటే తీసే ఉంటుందని నా నమ్మకం. తాళంచెవి నా దగ్గరే ఉంది కదా అన్న సంగతి కూడా ఆలోచించకుండా, ఇదివరకటి పన్నెండు బిళ్లల నుంచి మొదలుపెట్టి పక్కింటి పప్పుగిన్నె దాకా అన్నీ ఏకరువు పెట్టాను. మా ఆయన లేచి వచ్చి ముక్కలు వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయన మాట్లాడటమే తక్కువ. మాట్లాడితే మాత్రం నాకు పని పెడతాడు.

"మూత తీస్తె పగులు అడ్డంగ కోసినట్టు పోతది," అన్నాడు. "గిది పచ్చ పక్కపొంటి పోయింది చూడు. పొసగలే."

నిజమే. పగులు ఆకు అంచునే, పచ్చకూ కిటికీ అద్దానికీ నడుమ గీత గీసినట్టు పోయింది. మరి పరీక్షలో పొసగిందే. పరీక్ష ముక్కను వెతికి తెచ్చి, విరిగిన ఆకు పక్కన ఎండలో పెట్టాను. ఒకటి చిలకపచ్చ. ఇంకొకటి వేపాకు పచ్చ. గుడ్డివాళ్లకు తప్ప అందరికీ తెలిసే తేడా అది. ఇన్ని రోజులు ఆ రెండింటినీ నేను పక్కపక్కన పెట్టి చూడలేదు.

బాలవ్వ వైపు తిరిగాను. ఆమె గోడ మీది క్యాలెండర్ చదువుతోంది. ఆమెకు చదువు రాదు.

"ముక్క ఇరిశేటందుకు చెయ్యి రాలే బిడ్డా," అంది చివరికి. "అంగట్ల గాజు కొని, దాని ముక్క ఇచ్చిన. పచ్చది పచ్చదే గద అనుకున్న."

ఒక్క గింజంత ముక్క ఇవ్వడానికి ప్రాణం ఒప్పక, గాజు మొత్తాన్ని బట్టీపాలు చేసుకుంది. నాకు మీద పడి అరవాలని ఉంది. అరిచాను కూడా. పదిహేడేళ్లు దాచుకున్నదాన్ని ఒక్క అబద్ధంతో పోగొట్టుకున్నావని అన్నాను. అన్నాక చూస్తే ఆమె మొహం చిన్నపిల్ల మొహంలాగా అయిపోయింది. మూతకు నిజంగానే చెయ్యి పెట్టని మనిషిని ముందు దాని కోసమే తిట్టానని అప్పుడు గుర్తొచ్చింది. తప్పులో సగం నాది. ముక్కను నా చేతులతో తీసుకోకుండా పరీక్ష చేశానని మురిసిపోయింది నేను.

కాసేపటికి చాలా మెల్లగా అడిగింది.

"ఉంటె మల్ల చేస్తవా?"

ఏముంటే అన్నాను. ఆమె లేచి వంటింట్లోకి పోయింది. మూడు తుమ్ములు వినబడ్డాయి. తిరిగొచ్చి నా ముందు గుడ్డమూట విప్పింది. అందులో వేపాకు పచ్చ ముక్కలు, గాజులో సరిగ్గా సగానికి సరిపడేవి, ఎర్రటి కారప్పొడి పూసుకుని ఉన్నాయి.

నేను ఏడుస్తూ ముక్కు చీదుకోవడానికి అటు తిరిగినప్పుడు కొట్టేసిందట. సదానందం నవ్వు ఆపుకోలేక వాకిట్లోకి పోయాడు. నాకూ నవ్వొచ్చింది కానీ, దొంగను మెచ్చుకున్నట్టవుతుందని పళ్లు బిగబట్టాను. పదిహేడేళ్ల కింద పదకొండు ఇచ్చి ఒకటి దాచింది. మొన్న సగమిచ్చి సగం దాచింది. దేన్నీ మొత్తంగా ఎవరి చేతిలోనూ పెట్టని మనిషి కావడం వల్ల పోయింది, అందువల్లే మిగిలింది.

ఈసారి కిటికీ అద్దం జోలికే పోలేదు. ఒకే గాజు నుంచి వచ్చిన ముక్కలు ఒకదానితో ఒకటి ఎప్పుడూ పొసగుతాయి. ఈ సంగతి మొదటిసారే తట్టి ఉంటే ఇంత గొడవ లేకపోయేది, కానీ పెద్దగా, మెరిసేలా చేయాలన్న నా ఆశ నన్ను అటు ఆలోచించనివ్వలేదు. కారం పోయేలా ముక్కలను నాలుగు నీళ్లలో కడిగి, తుడిచి, అడుగున కొన్ని నిలువుగా, పైన కొన్ని అడ్డంగా పేర్చాను. కరిగాక అవే దగ్గరికి చేరి గుండ్రపడతాయి. బట్టీ వేడి పెరుగుతున్నంతసేపూ బాలవ్వ ఎదురుగా పీట వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మరునాటి పొద్దున మీటరు ఇంకా నూట పది దగ్గర ఉంది. పెళ్లి రెండు రోజుల్లో ఉంది, అంచులు సానపట్టాలి, కొక్కెం పెట్టాలి, నా చీర జాకెట్టు ఇంకా దర్జీ దగ్గరే ఉంది. నూట పదికి ఏమవుతుందిలే అనుకుని తాళం తీసి మూత మీద చెయ్యి వేశాను. చెయ్యి మీద చుర్రుమని దెబ్బ పడింది.

"సల్లారలే," అంది బాలవ్వ. "ముట్టకు."

మధ్యాహ్నం దాకా నన్ను దగ్గరికి రానివ్వలేదు. చివరికి మూత కూడా తానే తీసింది, చెయ్యి పెట్టి వేడి చూసుకుని మరీ. లోపల చింతగింజంత పచ్చబిళ్ల ఉంది. ఆకు అంత పెద్దగా లేదు, అంత తళుకూ లేదు. చలువద్దాల మధ్య పెట్టి చూశాను, నలుపు తప్ప ఏమీ కనబడలేదు. ఒంటికి గుచ్చుకోకుండా అంచులను నీళ్లు పోస్తూ సానరాయి మీద నున్నగా అరగదీసి, వెండి తీగ కొక్కెం వేసి, నల్లదారం కట్టి ఇచ్చాను.

పెళ్లి హుజూరాబాద్‌లోనే, ఫంక్షన్ హాల్లో. బాలవ్వ వెనక వరుసలో కూర్చుంది. ఇంట్లో అన్నన్ని మాటలు చెప్పిన మనిషి అక్కడికి రాగానే కొంగును మెడ చుట్టూ రెండు చుట్లు చుట్టేసుకుంది. కనబడనీయమని సైగ చేస్తే నన్ను చూడనట్టు తల తిప్పుకుంది. ఇంతా చేసి కొంగు చాటునే ఉంచుతుందేమోనని నాకు ప్రాణం ఉసూరుమంది.

తలంబ్రాలు అయిపోవచ్చాయి. అక్షింతలు పంచుతూ అనసూర్య మా వరుసకు వచ్చింది. తల్లి చేతిలో అక్షింతలు పెట్టబోతూ, కొంగు కింద నల్లదారం చూసి ఆగింది. వంగి రెండు వేళ్లతో కొంగు తప్పించింది. పచ్చబిళ్ల బయటపడింది. బాలవ్వ ఇన్నాళ్లుగా తయారు చేసుకున్న జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

నేను అందుకోబోయాను. మెడకు వద్దన్నోళ్లు ఎవరు వదినె అని మొదలుపెట్టేలోపు అనసూర్య చెయ్యెత్తింది.

"నువ్వాగు కోమలా," అని తల్లి వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "ఆ దినం నీ చేతులు వట్టుకోని కూసున్నది నేను. ఎడమ చేతికి ఆరు, కుడి చేతికి అయిదు. నాకు ఎరుక లేదనుకున్నవా అవ్వా?"

బాలవ్వ కూతురి వైపు తలెత్తింది.

"మరి ఎందుకు చెప్పలే?"

"చెప్తె అది గూడ పలగ్గొడుదురు."

అంతే. పదిహేడేళ్లుగా ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్తూ వచ్చిన మా వదినె, తల్లి మెడ చుట్టూ ఉన్న కొంగు విప్పి, మడత సరిచేసి, బిళ్ల నడుమకు వచ్చేలా నల్లదారం సర్దింది. చెయ్యి పట్టుకుని లేపింది. హాల్లో ఉన్న చుట్టాలందరి ముందు నుంచి మంటపం మీదికి తీసుకుపోయి, ముందుగా అవ్వ అక్షింతలు వేస్తుందని చెప్పింది. ఒకరిద్దరు ముసలమ్మలు గుసగుసలాడారు. అనసూర్య వాళ్ల వైపు ఒక్కసారి చూసింది, ఆ చూపు ఎలా ఉంటుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. బాలవ్వ మనవరాలి తల మీద అక్షింతలు వేసి, దిగేముందు లడ్డూలు ఎటువైపు ఉన్నాయని పెళ్లికొడుకునే అడిగింది.

పెళ్లయిన మరునాడు పులుసుకు ఎండుమిరపకాయలు కావాల్సి వచ్చింది. కుండ మూత తీసి, ఎందుకో ఈసారి చెయ్యి అడుగుదాకా పోనిచ్చాను. వేళ్లకు నున్నగా, చల్లగా ఏదో తగిలింది. తీసి చూస్తే బియ్యపు గింజంత పచ్చముక్క, వేపాకు రంగుది. వెనక నుంచి బాలవ్వ దగ్గు వినబడింది.

ముక్కను ఎక్కడిదక్కడే పెట్టి, నాలుగు మిరపకాయలు తీసుకుని మూత పెట్టేశాను.